జాగ రేటు చెప్పిండ్రు, మట్టి లెక్క ఎవరు చెప్తరు?

కాప్రాలో ఇప్పుడు ఏ ఛాయ్ హోటల్ ముందు పది నిమిషాలు నిలబడ్డా గజం ధర చెవిన పడుతుంది. 2025 జనవరిలో చర్లపల్లి రైల్వే టెర్మినల్ తెరిచిన నాటి నుంచి ఈ ముచ్చట జోరందుకున్నది. అదే ఏడాది నవంబర్ 22న రాష్ట్ర ప్రభుత్వం 27వ నంబరు జీవో తీసింది. హైదరాబాద్ పారిశ్రామిక భూముల బదలాయింపు విధానమని దాని పేరు. జనం నోట్లో ‘హిల్ట్’. ఔటర్ రింగ్ రోడ్డు లోపల, దాని అంచున ఉన్న పారిశ్రామిక వాడల్లో సుమారు 9,292 ఎకరాల్లో ఫ్యాక్టరీలు తీసేసి అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు, బడులు, దవాఖానలు కట్టుకోవచ్చని దాని సారం. రోడ్డు 80 అడుగుల కంటే తక్కువుంటే రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం, ఆపైన ఉంటే 50 శాతం సర్కారుకు కట్టాలి. కాప్రా చుట్టూ ఉన్న చర్లపల్లి, కుషాయిగూడ, మౌలాలి, మల్లాపూర్, నాచారం వాడలు ఆ జాబితాలో ఉన్నాయి.

అప్పటి నుంచి జరిగిన లొల్లి దాదాపు అంతా రేటు చుట్టే. లక్షల కోట్ల కుంభకోణమని ప్రతిపక్షం అన్నది, కాదని సర్కారు అన్నది. డిసెంబర్‌లోనే వ్యవహారం హైకోర్టు గడప తొక్కింది. అగ్గువకు తీసుకున్న రైతుల భూమి ఈరోజు ఎవరి ఖజానా నింపుతుందన్న ప్రశ్న న్యాయమైనదే. దాన్ని మేము తేలిక చేయడం లేదు. కానీ ఆ భూమి మీద రేపు చంటిపిల్ల పారాడుతుంది. దాని మట్టిలో సీసం ఎంత ఉండొచ్చు, క్రోమియం ఎంత ఉండొచ్చు? ఎంత వరకు కడిగితే కడిగినట్టు? ఆ అంకె ఎవరు ఖరారు చేస్తారు? రేటు గురించి వంద ప్రెస్‌మీట్లు జరిగితే ఈ అంకె గురించి ఎన్ని జరిగాయో చదివేవాళ్లే లెక్కేసుకోవచ్చు.

ఫ్యాక్టరీ మూతపడి షెడ్డు కూలగొడితే పొగ పోతుంది, చప్పుడు పోతుంది. ఎన్ని ఏండ్లుగానో నేలలోకి దిగింది మాత్రం పోదు. లోహానికి పూత పూసే చోట క్రోమియం దిగుతుంది. బ్యాటరీలు కరిగించిన చోట, రంగులు కలిపిన చోట సీసం మిగులుతుంది. సీసం కుళ్లదు, ఆవిరి కాదు. పైబెత్తెడు మట్టిలోనే కూర్చుని దుమ్ముతో పాటు పిల్లల చేతులకు, చేతుల నుంచి నోటికి చేరుతుంది. పిల్లల మెదడుకు ఇంతవరకైతే ఫర్వాలేదనే హద్దు సీసానికి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తున్నది. మందుల కంపెనీలు, రసాయన కంపెనీలు వాడే కొన్ని ద్రావకాలది ఇంకో దారి. అవి నీటికంటే బరువైనవి కాబట్టి కిందికి జారుతాయి. మనది గుండురాయి నేల. రాతి పగుళ్లే మన బోర్లకు నీటి దారులు, విషానికీ అవే దారులు. ఒక వాడలో పోసింది ఏ కాలనీ బోరులో తేలుతుందో పైనుంచి చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆ ద్రావకాలు మళ్లీ ఆవిరై పైకి వస్తాయి, గాలి ఆడని సెల్లార్లలో నిలుస్తాయి. రాత్రిపూట గాటు వాసనకు కిటికీలు మూసుకునే చర్లపల్లి జనానికి గాలి సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. నేల సంగతి మాత్రం ముక్కుకు తెలిసేది కాదు, పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

పరీక్ష చేసినా సరిపోదు. వచ్చిన అంకెను దేనితో పోల్చాలన్నదే అసలు కొట్లాట. కెనడా వాళ్ల లెక్క చూడండి. కిలో మట్టిలో సీసం పొలానికైతే 70 మిల్లీగ్రాములు, ఇండ్లకు, పార్కులకైతే 140, దుకాణాలకు 260, ఫ్యాక్టరీకి 600 దాటొద్దు. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు కూడా భూమి వాడకాన్ని బట్టే హద్దులు వేరుచేసే ఈ పద్ధతినే పట్టుకున్నాయి. ఇప్పుడు కిలోకు 500 మిల్లీగ్రాముల సీసమున్న ఒక జాగను ఊహించుకోండి. ఫ్యాక్టరీగా ఉన్నన్ని రోజులు ఆ లెక్కలో అది పాసైనట్టే. బదలాయింపు కాగితం మీద సంతకం పడగానే అదే మట్టి ఫెయిలవుతుంది, ఇండ్ల హద్దుకు మూడున్నర రెట్ల దాకా ఎక్కువ కాబట్టి. మట్టి మారలేదు, కాగితం మారింది. అందుకే ఏ అంకెతో కొలవాలన్నది బదలాయింపు సంతకానికి ముందే తేలాలి. తర్వాత తేలిస్తే ఫ్లాట్ కొన్న ఉద్యోగి ఇరవై ఏండ్ల ఈఎంఐతో ఆ విషానికి వారసుడవుతాడు.

అంకె కూడా రాయి మీద గీత కాదు. అమెరికా పర్యావరణ సంస్థ ఇండ్ల దగ్గరి మట్టిలో సీసానికి 1994 నుంచి 400 అన్నది, 2024లో 200కు దించింది. విజ్ఞానం పెరిగితే హద్దు దిగాలి. మన దేశంలో అది పైకెక్కిన ముచ్చట కూడా ఉంది. కొడైకెనాల్‌లో హిందుస్థాన్ లీవర్ వారి థర్మామీటర్ల ఫ్యాక్టరీ పాదరసం గొడవతో 2001లో మూతపడింది. శుద్ధి ఎంతవరకు అన్న చర్చలో మొదట కిలో మట్టికి 10 మిల్లీగ్రాముల మాట వినిపించింది, చివరికి 20 ఖరారైంది. ఇంకా చాలా తక్కువ ఉండాలని అక్కడి కార్మికులు, ఉద్యమకారులు ఏండ్ల తరబడి కొట్లాడారు. అంకె రెట్టింపయితే ఎన్ని లారీల మట్టి కడగకుండా మిగులుతుందో, ఎంత ఖర్చు తప్పుతుందో కంపెనీ లెక్కల గుమాస్తాను అడిగితే చెప్తాడు. ల్యాబుల్లో తేలాల్సిన ప్రమాణం బేరంలో తేలితే ఇట్లనే ఉంటుంది.

ముందు ఇండ్లు కట్టి తర్వాత మట్టి చూసుకున్నవాళ్లూ ఉన్నారు. అమెరికాలో నయాగరా దగ్గరి లవ్ కెనాల్‌లో వేల టన్నుల రసాయనాలు పాతిపెట్టిన కంపెనీ 1953లో ఆ జాగను ఒక్క డాలరుకు స్కూల్ బోర్డుకు అమ్మింది. దాని మీద బడి కట్టారు, పక్కన ఇండ్లు లేచాయి. 1978లో ఊరు ఖాళీ చేయించారు. ఆ దెబ్బతోనే 1980లో సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. అదే సంవత్సరం నెదర్లాండ్స్‌లో లెక్కర్‌కెర్క్ అనే చిన్న ఊళ్లో దాదాపు 300 ఇండ్ల కింద రసాయన పీపాలు బయటపడ్డాయి. మట్టికి అంకెల హద్దులు పెట్టడం ఆ దేశం ఆ తర్వాతనే మొదలుపెట్టింది. ఆ దేశాలకు తెలియక తగిలిన దెబ్బ అది. మనకు అంతా తెలుసు.

తెలుసని ఎందుకంటున్నామంటే మన పటాన్‌చెరు ఉన్నది. నక్కవాగు రైతుల కేసు 1990లో సుప్రీంకోర్టుకు పోయింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని చెప్తే ప్రపంచమంతా నోరు వెళ్లబెట్టింది. శుద్ధి చేశాక బయటికొచ్చిన నీళ్లండీ అవి! కాటేదాన్ నూర్ మహమ్మద్ కుంటను కలుషిత స్థలంగా గుర్తించి, 2010లో ప్రపంచబ్యాంకు అప్పుతో మొదలైన ప్రాజెక్టులో పేరు చేర్చారు. ఎన్‌జీఆర్ఐ శాస్త్రవేత్తలు కాటేదాన్, బాలానగర్, పటాన్‌చెరు మట్టిని తీసి భారలోహాలు ఎంతున్నాయో పరిశోధన పత్రాలు రాశారు. ఆ సంస్థ ఉండేది ఎక్కడో కాదు, ఉప్పల్ రోడ్డు మీద, నాచారం వాడకు కూతవేటు దూరంలో. మట్టిని చదవగలిగినోళ్లు మన గల్లీ చివరనే ఉన్నారు. వాళ్లతో చదివించే మనసే సర్కారుకు ఉండాలి.

ఇప్పుడు చట్టమూ ఉన్నది. 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి పంపాలి. రాష్ట్ర కాలుష్య మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరీక్ష, మరో మూడు నెలల్లో పూర్తి సర్వే చేయాలి. కాలుష్యం తేలితే ఆ స్థలాన్ని బహిరంగంగా ప్రకటించాలి, అక్కడికి రాకపోకలకు కట్టడి పెట్టాలి, చేసినవాడెవడో తేల్చి ఖర్చు వాడితోనే కట్టించాలి. వాడు దొరక్కపోతే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు భరించాలి. బాగానే ఉన్నది. కానీ తేలిన తర్వాత ఎన్ని రోజుల్లో శుద్ధి పూర్తికావాలో గడువు లేదు. గడువు లేని పని మన దగ్గర ఎట్లా సాగుతుందో తెలంగాణ ఉద్యోగులకు వేరే చెప్పాలా? ఆ నియమాలు వచ్చిన నాటికి దేశంలో గుర్తించిన కలుషిత స్థలాలు 103, శుద్ధి మొదలైనవి 7.

ఇంకో మెలిక కాప్రాకే తగులుతుంది. అణు వ్యర్థాలు, గనులు, సముద్రంలో చమురు, చెత్త డంపులు ఈ నియమాల కిందికి రావు, వాటికి వేరే చట్టాలున్నాయట. కాప్రాకు ఒక పక్క 1971 నుంచి ఎన్‌ఎఫ్‌సీ ఉన్నది. ఇంకో పక్క జవహర్‌నగర్ చెత్త గుట్ట, దాని ఊట దిగిన మల్కారం చెరువు ఉన్నాయి. మినహాయింపులు నాలుగైతే రెండు మన ఇంటి పక్కనే. అయితే అదే నియమాల్లో ఒక సందు ఉన్నది. ఈ వ్యర్థాలతో వేరే కలుషితాలు కూడా కలిసి, అవి హద్దు దాటితే శుద్ధి ఈ నియమాల కిందికే వస్తుంది. ఆ వాక్యాన్ని అధికారులు తమంతట తాము చదువుతారని మేము అనుకోవడం లేదు. మనమే చదివి వినిపించాలి.

మేము అడిగేది పెద్ద కోరికేమీ కాదు. బదలాయింపుకు దరఖాస్తు పెట్టిన ప్రతి జాగలో ముందు మట్టి, బోరు నీళ్లు పరీక్ష చేయాలి. గేటు దగ్గర పైపైన గుప్పెడు మట్టి గీకి కాదు, గళ్లు గీసి, ప్రతి గడిలో లోతుకు దిగి, కాలనీ సంఘం వాళ్లు నిలబడి చూస్తుండగా తీయాలి. పైన కట్టేది దుకాణమైనా ఆఫీసైనా కొలిచేది ఇండ్ల అంకెతోనే ఉండాలి, ఎందుకంటే ఈ ఊళ్లో ఆఫీసు బిల్డింగు హాస్టల్ కావడానికి ఒక బోర్డు మారిస్తే చాలు. ఫలితం తెలుగులో, ఉర్దూలో గేటు మీద రాయాలి. పరీక్ష ఖర్చు దరఖాస్తుదారుడిది. శుద్ధి పూర్తయిందని మండలి రాసిచ్చేదాకా నిర్మాణ అనుమతి ఇవ్వొద్దు.

తవ్విన మట్టి సంగతి మరీ ముఖ్యం. మూడు సెల్లార్లు తవ్వితే వందల టిప్పర్లు లేస్తాయి. రాత్రి బయల్దేరిన టిప్పర్ ఎక్కడ ఖాళీ అవుతుందో చెరువు శిఖాలు చూసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. చర్లపల్లిలో శుద్ధి అయిందనిపించుకున్న విషం కాప్రా ఊరచెరువు ఒడ్డున తేలితే దాన్ని శుద్ధి అనరు, బదిలీ అంటారు. ప్రమాదకర వ్యర్థాలకు దుండిగల్‌లో కేంద్రం ఉన్నది. ప్రతి లోడుకు కాగితం, ప్రతి కాగితానికి రెండు చివర్లా సంతకం ఉండాలి.

ఇంత చేస్తే భూమి ఎవరు మారుస్తారు, చిన్న పరిశ్రమ నడిపినోడు ఎక్కడ తెస్తాడు అని అడిగేవాళ్లు ఉన్నారు. వాళ్లను మేము కొట్టిపారేయం. రెండు లేత్ మిషన్లతో బతికిన మనిషికీ, దశాబ్దాలు రసాయనాలు మోరీలోకి వదిలిన కంపెనీకీ ఒకటే తక్కెడ పెట్టొద్దు. వసూలైన బదలాయింపు రుసుములో ఒక భాగం శుద్ధి నిధిగా విడిగా పెట్టి, చేసినోడు దొరకని జాగలకు, చిన్నవాళ్లకు అందులోంచి ఇవ్వాలి. పెద్దోళ్ల విషయంలో దారి రాజస్థాన్‌లోని బిచ్ఛ్రీ కేసు ఎప్పుడో చూపింది. చేసినోడే కట్టాలని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. ఏండ్ల తరబడి సాగదీసిన కంపెనీలను 2011లో 37 కోట్ల 38 లక్షల 50 వేల రూపాయలు చక్రవడ్డీతో కట్టమన్నది.

ఉమ్మడి రాష్ట్రంలో ఈ వాడలకు భూములు పంచినప్పుడు కాలుష్యం సంగతి అడిగితే అభివృద్ధికి అడ్డమన్నారు. ఇప్పుడు మండలి మనది, టీజీఐఐసీ మనది, కలెక్టర్ కార్యాలయం శామీర్‌పేటలో ఉన్నది. సోమవారం అక్కడ ప్రజావాణి. చర్లపల్లి, కుషాయిగూడ, మౌలాలి, మల్లాపూర్, నాచారం వాడల్లో అనుమానిత స్థలాల జాబితా జిల్లా నుంచి కాలుష్య మండలికి పోయిందా, పోతే ఏ తేదీన, అందులో ఏ సర్వే నంబర్లున్నాయి, ఏ అంకెతో కొలుస్తున్నారు అని నాలుగు ప్రశ్నలు ఒక్క కాగితం మీద రాసి కాలనీ సంఘాలు, విద్యార్థులు, ఉద్యోగ సంఘాలు ఇవ్వాలి. అదే కాగితాన్ని సమాచార హక్కు చట్టం కింద మండలికి కూడా పెట్టాలి. రసీదు తీసుకోవడం మరువొద్దు, ముప్పై రోజుల లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది.