మేడ గలవానికే సూర్యుడా?



2024 ఆరంభంలో తపాలా శాఖ పోస్టుమాన్ల భుజాన మరొక బరువు మోపింది. ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకంలో చేరదలచిన గృహస్థుల పేర్లను యింటింటికీ తిరిగి నమోదు చేయించాలన్నది ఆ పని. పుదుచ్చేరి పట్టణంలోని ఒర్లియంపేట వంటి చోట అది ఎట్లా సాగుతుందో బీటు నడిచినవారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఒక గడపలో మూడు పొయ్యిలు; డాబా మెట్లకు యజమాని తాళం. నమోదు కావాలంటే సొంత యిల్లు, పలకలు పరచదగిన కప్పు, విద్యుత్ కనెక్షను వుండాలి. అద్దెకున్నవానికి కప్పు ఎక్కడిది? పేర్లు వ్రాయబోయిన పోస్టుమాన్ సైతం తరచు అద్దె యింటివాడే!

సొంత యిల్లున్నవానికి మాత్రం 3 కిలోవాట్ల పలకలకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. అదీ పలకలు బిగించి, తనిఖీ ముగిసిన తరువాత. అంతవరకూ సొమ్ము తానే సమకూర్చుకోవాలి, లేదా అప్పు తేవాలి.

అదే పేట దాటి బస్సు నిలయం వైపు వ్యాపార వీధులకు పోతే కథ వేరు. వాణిజ్య సంస్థలకు యీ పథకం క్రింద పైసా సబ్సిడీ లేదని ప్రభుత్వం చెబుతుంది. అది నిజమే. కాని రాయితీ చెక్కు రూపంలోనే రావాలని ఏ శాస్త్రంలో వున్నది? ఆదాయపు పన్ను చట్టంలో తరుగుదల అనే దొడ్డిదారి వున్నది. మామూలు యంత్రాలకు ఏటా 15 శాతం తరుగు వ్రాసుకోవాలి. సౌర పరికరాలకు 2017 మార్చి ఆఖరు వరకు 80 శాతం. ఆ ఏప్రిల్ 1 నుండి 40 శాతం. లెక్క కట్టి చూడండి. కోటి రూపాయల పరికరాలు కొన్న కంపెనీ మొదటి ఏటనే 40 లక్షలను లాభంలో నుండి మినహాయించుకుంటుంది. సర్‌ఛార్జి, సెస్సులు కలిపి 25.17 శాతం పన్ను కట్టే కంపెనీకి దాదాపు 10 లక్షలు చేతిలో మిగులుతాయి. అంతేగాక, పన్ను వర్తించే సరుకు తయారుచేసే సంస్థ పలకలపై కట్టిన జి.ఎస్.టి.ని తిరిగి సర్దుబాటు చేసుకుంటుంది. గృహస్థుకు అటువంటి సర్దుబాటు లేదు.

ఇది మాఫీ కాదు, వాయిదా మాత్రమేనని పన్ను సలహాదారులు అంటారు. ఒప్పుకుందాం. అయితే అది వడ్డీలేని అప్పు! మన జీతం చేతికి రాకముందే పన్ను కోత పడుతుంది. మనకు ఏనాడైనా యిటువంటి వాయిదా దొరికిందా?

ఈ పద్ధతిలో అసలు మెలిక యింకొకటి వున్నది. పన్ను మినహాయింపు పన్ను కట్టేంత లాభమున్నవానికే ఉపయోగిస్తుంది. రైల్వే ప్రభుత్వ శాఖ. ఆదాయపు పన్ను కట్టదు కనుక తరుగుదల లాభం దానికి లేదు. తపాలా శాఖకూ అంతే. ఫలితమేమిటి? స్టేషను కప్పులను ప్రైవేటు కంపెనీకి అప్పగించి, 25 సంవత్సరాల ఒప్పందం వ్రాసి, తన కప్పుమీది కరెంటును తానే కొనుక్కునే పద్ధతికి రైల్వే దిగింది. ఆ యూనిట్ ధర చౌక అంటారు. చౌకే కావచ్చు; ఆ చౌకలో ఖజానా వదులుకున్న పన్ను ఎంతో కూడా కలిపి చెప్పమనండి.

రైల్వే సిగ్నల్ సోదరులకు సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ కొత్త పేరు కాదు. యాక్సిల్ కౌంటర్లు తయారుచేసే ప్రభుత్వరంగ సంస్థ. 1974లో నెలకొల్పిన ఆ సంస్థే 1977లో దేశపు తొలి సౌర ఘటాన్నీ, మరుసటి ఏట తొలి సౌర పలకనూ తయారుచేసింది. దానిని 2021 నవంబరులో 210 కోట్లకు ఒక ప్రైవేటు ఫైనాన్సు కంపెనీకి కట్టబెట్టబోయారు. ఉద్యోగుల సంఘం కోర్టు కెక్కింది; 2022లో ఆ అమ్మకం రద్దయింది. సౌరశక్తికి ప్రోత్సాహమంటే యిదేనా?

పుదుచ్చేరిలో విద్యుత్ పంపిణీ ప్రభుత్వ శాఖ చేతిలో వుండటం కంటకమై, 2020 మేలో కేంద్రపాలిత ప్రాంతాల పంపిణీని ప్రైవేటుపరం చేస్తామని కేంద్రం ప్రకటించింది. 2022 సెప్టెంబరు చివర టెండర్లు పిలవగానే అక్కడి విద్యుత్ కార్మికులు సమ్మెకు దిగారు. హెచ్చు రేటు చెల్లించే వ్యాపారి పగలు తన పలకలతో సరిపెట్టుకుని, రాత్రి శాఖవారి తీగలపై ఆధారపడితే ఆ తీగల ఖర్చు ఎవరి బిల్లులో పడుతుంది? గుడిసెలో రెండు దీపాలు వెలిగించుకునేవాని బిల్లులోనే గదా! అప్పుడు, శాఖ నష్టాల్లో వున్నది, అమ్మివేద్దాం అంటారు.

మనం సౌరశక్తికి శత్రువులం కాము. బొగ్గుపొగ మొదట పీల్చేది కార్మికవాడలే. మన తగాదా డబ్బు పోయే దారితోనే. యంత్రం కొన్నందుకు డబ్బా, కరెంటు పుట్టించినందుకు డబ్బా? గాలిమరల విషయంలో తరుగుదల కోసమే పెట్టుబడి పెట్టే ధోరణి ప్రబలగా, 2009 డిసెంబరులో ప్రభుత్వమే యూనిట్‌కు 50 పైసల చొప్పున ఉత్పత్తి ప్రోత్సాహకం ప్రవేశపెట్టవలసి వచ్చింది. దారి తెలియక కాదు!

కనుక రెండు కోర్కెలు. వ్యాపార సంస్థలకు తరుగుదల ద్వారా వదిలే సొమ్ముకు సమానమైన గ్రాంటును రైల్వే, తపాలా శాఖలకు నేరుగా యివ్వాలి. పలకలు శాఖల సొంతం కావాలి. రెండవది, ఒకచోట పుట్టిన కరెంటును పలువురి బిల్లులలో జమకట్టే పద్ధతికి ఢిల్లీ విద్యుత్ నియంత్రణ సంఘం 2019లోనే నిబంధనలు వ్రాసింది. ఆ ప్రకారం ఒర్లియంపేట బడుల, కార్యాలయాల కప్పులపై పుట్టే కరెంటులో ఆ పేట అద్దెదారులకు వాటా యివ్వాలి.

శాఖా సమావేశాలలో వీటిపై తీర్మానాలు చేయండి. తమ బీటులో కప్పు లేని కారణంగా ఎన్ని కుటుంబాల పేర్లు వ్రాయలేకపోయారో పోస్టుమాన్ సోదరులు లెక్క వ్రాసి ఆ తీర్మానాలకు జతపరచవలసినదిగా కోరుతున్నాము.