ముంపు లెక్కల్లో మన పిల్లలు ఎక్కడ?

2020 అక్టోబర్ 13వ తేదీ రాత్రి హైదరాబాద్‌లో కురిసిన వాన మన పాఠకుల్లో చాలామందికి ఇప్పటికీ పీడకలే. ఒక్క రోజులో దాదాపు 19 సెంటీమీటర్ల వర్షం పడింది. పల్లెచెరువు నీరు అల్ జుబైల్ కాలనీని ముంచెత్తింది. బండ్లగూడలో ప్రహరీ గోడ ఇళ్లమీద కూలి, పసిబిడ్డతో సహా పలువురు ప్రాణాలు కోల్పోయారు. నాలుగైదు రోజులు గడిచాయో లేదో, గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబా నగర్ వీధులు ఏరులయ్యాయి.

ఆ వారంలో మేము పాతబస్తీలోని ఒక ఫంక్షన్ హాలులో తలదాచుకున్న కుటుంబాల మధ్య తిరిగాము. అన్నానికి కొదవ లేదు. బగారా అన్నం పొట్లాలు పూటపూటకూ వస్తూనే ఉన్నాయి. ఒక మూల కూర్చున్న తల్లి ఆ అన్నంలో నీళ్లు పోసి కడుగుతున్నది. మసాలా ఘాటు పోయేదాకా కడిగి, మెతుకులు మెదిపి, తొమ్మిది నెలల బిడ్డ నోట పెడుతున్నది. ఏం కావాలమ్మా అని అడిగితే ఆమె డబ్బు అడగలేదు, దుప్పటీ అడగలేదు. కాచిన నీళ్లు దొరుకుతాయా అని అడిగింది. ఆ హాలులో నీళ్లు కాచే ఏర్పాటు లేదు. మా మిత్రులు రాసుకుంటున్న జాబితాలో ఇంటి పెద్ద పేరుకు, ఆధార్ నంబరుకు, ఫోన్ నంబరుకు, కుటుంబంలో ఎందరున్నారన్న లెక్కకు గడులున్నాయి. పిల్లల వయస్సుకు మాత్రం గడి లేదు. ఆ జాబితా ప్రభుత్వానిది కాదు, మాదే. కనుక ఈ వ్యాసంలో వేసే ప్రశ్న మొదట మమ్మల్నే తాకుతుంది.

విపత్తు వచ్చినప్పుడు ప్రభుత్వమైనా, స్వచ్ఛంద సంస్థలైనా, మనమైనా ఇంటిని చూస్తున్నాము, కుటుంబాన్ని చూస్తున్నాము. ఆ కుటుంబంలో ఆరు నెలల శిశువు ఉన్నదా, పదమూడేళ్ల బాలిక ఉన్నదా అని చూడడం లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో దాదాపు 39 శాతం 18 ఏళ్ల లోపువారే. ప్రతి పది మందిలో సుమారు నలుగురిని పెద్దల నీడలో కలిపేసి వేసే ప్రణాళిక ఏ విధంగా సంపూర్ణమవుతుంది?

ఇల్లు లెక్కకు వచ్చింది, బిడ్డ రాలేదు

2020 వరదల తరువాత తెలంగాణ ప్రభుత్వం బాధిత కుటుంబానికి 10,000 రూపాయల చొప్పున ప్రకటించింది. 2024 సెప్టెంబర్ ఆరంభంలో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్ నగర్, న్యూ రాజరాజేశ్వరి పేట తదితర ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నప్పుడు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తులవారికి 10,000 రూపాయలు ప్రకటించింది. కుటుంబానికి 25 కిలోల బియ్యం, పప్పు, నూనె, పంచదార, ఉల్లిగడ్డలు, బంగాళాదుంపలు ఇచ్చింది. పాల పొట్లాలు, బిస్కెట్లు కూడా పంచారు. డ్రోన్లతో ఆహారం చేరవేశారు. ఇవన్నీ మేలు చేసిన పనులే. వాటిని తక్కువ చేసి చెప్పడం మా ఉద్దేశం కాదు.

కాని లెక్క జరిగిన తీరును గమనించండి. ఇల్లు లెక్కకు వచ్చింది. అంతస్తు కూడా లెక్కకు వచ్చింది. ఇద్దరు పెద్దలున్న ఇంటికీ, ముగ్గురు పసివాళ్లతో బాలింత ఉన్న ఇంటికీ ఒకే మూట, ఒకే మొత్తం.

పిల్లల అవసరాలు పెద్దల అవసరాలను తగ్గించి ఇస్తే తీరేవి కావు. ఆరు నెలల లోపు శిశువుకు తల్లిపాలే ఆహారం. వందలాది మంది మధ్య, పరాయి పురుషుల ఎదుట, తెర లేని హాలులో తల్లి ఎలా పాలిస్తుంది? ఆమెకు చాటు దొరకనప్పుడు పాలపొడి డబ్బా చేతికి వస్తుంది. దాన్ని కలిపేది వరద నీరు చేరిన కుళాయి నీళ్లతోనే. ఆపైన విరేచనాలు తప్పవు. ఒక చీర అడ్డుగా కట్టిన మూల, కాచి చల్లార్చిన నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉంటే ఆ బిడ్డ ఆసుపత్రి పాలు కాకుండా ఉంటుంది.

ఏడు నెలలు నిండి మూడేళ్ల లోపు పిల్లలకు మన అంగన్‌వాడీలు బాలామృతం ఇస్తున్నాయి. పొడిగా నిల్వ ఉంటుంది, వేడినీళ్లుంటే చాలు. వానాకాలానికి ముందే పునరావాస కేంద్రాలుగా గుర్తించిన భవనాల్లో దాన్ని అందుబాటులో ఉంచితే ఏ తల్లీ మసాలా అన్నాన్ని కడగవలసిన పని ఉండదు. ఎదిగిన ఆడపిల్లలకు లోపల గడియ ఉన్న మరుగుదొడ్డి, దాని దారిలో దీపం, శానిటరీ ప్యాడ్లు కావాలి. తలసేమియా ఉన్న పిల్లలకు కొన్ని వారాలకొకసారి రక్తం ఎక్కించక తప్పదు. వాన తగ్గేదాకా ఆ గడువు ఆగదు. నడవలేని బిడ్డను పడవలోకి ఎవరు ఎత్తుకోవాలో ముందే తెలిసి ఉండాలి. మెడలోతు నీటిలో ప్లాస్టిక్ తొట్టెలో పసికందును పెట్టుకుని మోసుకొస్తున్న విజయవాడ చిత్రాన్ని చూసి ఎందరో చలించిపోయారు. మోసినవారి తెగువకు మేమూ తలవంచుతున్నాము. అయితే ఆ తొట్టె ఆ వీధి మనుషులకు అప్పటికప్పుడు తోచిన ఉపాయం. ప్రభుత్వ ప్రణాళికలో అటువంటి బిడ్డకు ఒక పడవ, ఆ పడవకు ఒక బాధ్యుడు ఉండాలి.

చట్టం ఇప్పటికే చెప్పినది

మేము కొత్త వరాలేవీ కోరడం లేదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో వెలువరించిన కనీస సహాయ ప్రమాణాల్లో పెద్దలకు రోజుకు 2,400 కేలరీలు, పిల్లలకు 1,700 కేలరీల ఆహారం అని ఉన్నది. పిల్లలకు, పాలిచ్చే తల్లులకు పాలు అందించాలని ఉన్నది. మనిషికి రోజుకు కనీసం 3 లీటర్ల తాగునీరు, 30 మందికి ఒక మరుగుదొడ్డి అని ఉన్నది. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకృతి విపత్తు బారిన పడిన బిడ్డను సంరక్షణ, రక్షణ అవసరమైన బాలల్లో చేర్చింది. తప్పిపోయిన పిల్లల కోసం, ఒంటరిగా మిగిలిన పిల్లల కోసం బాలల సంక్షేమ కమిటీలున్నాయి, 1098 ఫోన్ నంబరు ఉన్నది. 2005 విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్ సహాయంలోగాని పరిహారంలోగాని లింగం, కులం, వర్గం, వంశం, మతం ఆధారంగా వివక్ష చూపరాదని స్పష్టంగా శాసించింది.

మాట ఉన్నది. ఆ మాట బస్తీదాకా నడిచి రావడానికి దారి లేదు. ప్రణాళికా పత్రాల్లో "మహిళలు, పిల్లలు, వృద్ధులు, వికలాంగులు" అని ఒక గుత్తిగా రాసి దాటిపోవడం ఆనవాయితీ. ఏ వార్డులో ఎందరు శిశువులు, వారికి పాలు తెచ్చే అధికారి ఎవరు, ఎన్ని గంటల్లోగా తేవాలి అన్న వివరం లేనప్పుడు ఆ వాక్యం కాగితం మీద మర్యాదగా మిగిలిపోతుంది.

మన బస్తీల సంగతి వేరుగా ఎందుకు?

నీటికి మతం లేదు, మరి మీరు ముస్లిం పిల్లల గురించి ప్రత్యేకంగా ఎందుకు మాట్లాడుతున్నారని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నీటికి మతం లేదు, పల్లం ఉన్నది. చెరువుల దిగువన, నాలాల అంచున చౌకగా దొరికిన జాగాల్లో ఇళ్లు కట్టుకున్నవారు పేదలు. వారిలో మనవారు, దళితులు, వలస కూలీలు పక్కపక్కనే ఉన్నారు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు పాతబస్తీని ముంచినప్పుడూ, 2020లో హైదరాబాద్‌లోనూ అదే కథ. మేము అడిగే ప్రతి ఏర్పాటూ ఆ పొరుగు పిల్లలందరికీ అక్కరకు వచ్చేదే.

అయినా మన బస్తీలకు కొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి. పిల్లల లెక్క అంగన్‌వాడీ పుస్తకం నుంచి రావాలి. మన వీధుల్లో అంగన్‌వాడీ గడప తొక్కని పిల్లలు ఎందరో. మదరసా వసతి గృహాల్లో దూర రాష్ట్రాల నుంచి వచ్చి చదివే బాలలు, గాజుల కార్ఖానాల్లో మగ్గిపోయే వలస బాలలు ఇక్కడి రేషన్ కార్డుల్లో కనిపించరు. హెచ్చరికలు తెలుగులో వస్తే ఉర్దూ మాత్రమే తెలిసిన నాయనమ్మకు, ఆమె దగ్గర వదిలిన పిల్లలకు అందవు.

కాగితాల సంగతి ఇంకొకటి. 2020 ఆరంభమంతా పౌరసత్వం గురించిన భయాలతో మన కుటుంబాలు పత్రాలు వెతుక్కున్నాయి. అదే ఏడు అక్టోబర్‌లో బీరువాలతో పాటు ఆ పత్రాలు నానిపోయాయి. ఇప్పుడు 2023 సవరణ చట్టం వల్ల, ఆ అక్టోబర్ 1 తరువాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు అనేక పనులకు జనన ధ్రువపత్రమే ఆధారమైంది. ముంపు ప్రాంతంలో పరిహారం రాసుకునే బల్ల పక్కనే జనన ధ్రువపత్రం నకలు ఉచితంగా ఇచ్చే బల్ల కూడా ఉండాలి.

చదువు నష్టం పరిహారం పట్టికలో ఎక్కడా ఉండదు. 2020లో కరోనా వల్ల బడులు మూతబడి, పాఠాలు టీవీలోనూ ఫోన్లోనూ నడుస్తున్నాయి. వరదలో టీవీ పోయింది, ఫోన్ పోయింది, వాటితో బడే పోయింది. ఇంటి రాబడి పోయిన చోట అబ్బాయి కార్ఖానాకు, అమ్మాయి తొందరపాటు నిఖాకు వెళ్లే ప్రమాదం ఎంత దగ్గరో మన పాఠకులకు వేరే చెప్పనవసరం లేదు.

మన వంతు

ప్రభుత్వాన్ని నిలదీసే ముందు మన ఇల్లు మనం చూసుకుందాం. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడి తగలబడి 94 మంది పిల్లలు మరణించారు. వంటశాల మంట, ఇరుకు భవనం వారిని బలిగొన్నాయి. మన మదరసాల్లో, ప్రైవేటు బడుల్లో ఒకే మెట్ల దారి, ఇనుప చువ్వలు బిగించిన కిటికీలు, పడకగది పక్కనే గ్యాస్ సిలిండర్లు ఎన్ని చోట్ల లేవు? తనిఖీ అనగానే అనుమానించే పరిస్థితులు మన చుట్టూ ఉన్నమాట నిజమే. ఆ అనుమానానికి మూల్యం పిల్లలు చెల్లించకూడదు. అగ్నిమాపక శాఖవారిని మనమే పిలవాలి. వసతి బాలల పేర్లు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు రెండు చోట్ల రాసి ఉంచాలి.

మన మస్జిద్‌లలో మైకు ఉన్నది, వుజూ కోసం నీటి ట్యాంకు ఉన్నది, మరుగుదొడ్లు ఉన్నాయి, పలుచోట్ల పై అంతస్తు ఉన్నది. మతం అడగకుండా వీధివారందరికీ తలుపు తెరిచిన సందర్భాలూ ఉన్నాయి. ఆ ఔదార్యాన్ని ముందస్తు ఏర్పాటుగా మార్చడమే మిగిలింది. తల్లులకు ఒక గది, నీళ్లు కాచే పాత్ర, పిల్లల జాబితా పట్టుకున్న ఇద్దరు యువతులు ఉంటే చాలు.

మా డిమాండ్లు

ఒకటి, ప్రతి వార్డులో పిల్లల లెక్క వయస్సు వారీగా, ఆరోగ్య అవసరాలతో సహా తయారు చేసి ఏటా వానాకాలానికి ముందు సరిచూడాలి. ఆ పని అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలకు అప్పగించి, తగిన పారితోషికం ఇవ్వాలి. ఆ లెక్కను పౌరసత్వ విచారణ వంటి మరే పనికీ వాడబోమని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. రెండు, ప్రతి పునరావాస కేంద్రంలో పిల్లల బాధ్యత చూసే ఒక అధికారి పేరు, ఫోన్ నంబరు గోడమీద రాసి ఉండాలి. మూడు, మైనారిటీ గురుకులాలను, మదరసా వసతి గృహాలను జిల్లా ప్రణాళికలో చేర్చాలి. నాలుగు, హెచ్చరికలు తెలుగుతో పాటు ఉర్దూలోనూ ఇవ్వాలి. అయిదు, బడులను పునరావాస కేంద్రాలుగా వాడుకుంటే పాఠాలు మళ్లీ మొదలయ్యే తేదీని ముందే ప్రకటించాలి.

ప్రాణం కాపాడే వేళ ఈ గడులు నింపుతూ కూర్చుంటారా అన్నవారికి మా సమాధానం ఒక్కటే. ఆ వేళ నింపలేము కనుకనే ఇప్పుడు నింపమంటున్నాము. 1908లో మూసీ వేలాది మందిని పొట్టన పెట్టుకున్నాక, ఆనాటి పాలకులు ఏడ్చి ఊరుకోలేదు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టించారు. 2025 సవరణ చట్టం నగరాలకు ప్రత్యేక విపత్తు నిర్వహణ సంస్థలను ఏర్పరచే వీలు కల్పించింది. అంటే హైదరాబాద్, విజయవాడ, కర్నూలు వంటి నగరాలకు కొత్త ప్రణాళికలు రాసే అవకాశం వచ్చింది. రాసేటప్పుడే అడగాలి. రాసి ముగించాక సవరణకు ఎన్నేళ్లు పడుతుందో మనకు తెలుసు.

పాఠకులను ఒక పని కోరుతున్నాము. వచ్చే వానలకు ముందే మీ జిల్లా కలెక్టరు కార్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో ఒక దరఖాస్తు పెట్టండి. జిల్లా విపత్తు ప్రణాళిక ప్రతి అడగండి. అందులో మీ వార్డు పిల్లల లెక్క ఉన్నదా, పాలు, మందులు తెచ్చే అధికారి పేరు ఉన్నదా చూడండి. లేకపోతే కార్పొరేటరును, శాసనసభ్యుణ్ణి కలిసి అడగండి. మీకు వచ్చిన జవాబు మాకు పంపండి, ప్రచురిస్తాము.

మా సహాయ బృందం జాబితాలో ఇప్పుడు పిల్లల వయస్సుకు ఒక గడి ఉన్నది. దాని పక్కన మరొక చిన్న గడి కూడా గీసుకున్నాము. అందులో "కాచిన నీళ్లు అందాయా?" అని రాసి ఉంటుంది.