పాట పెంచొచ్చు, తగ్గించలేం

వేలంపాట మనకు కొత్తేమీ కాదు. "ఒకటోసారి... రెండోసారి..." అని వినపడగానే పక్కవాళ్ళ మీద పంతం వచ్చేస్తుంది. వేలంవెర్రి అనే మాట ఊరికే పుట్టలేదు మరి! బాలాపూర్ గణపతి లడ్డూ 1994లో 450 రూపాయలకు పోతే, 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలు పలికింది. అది భక్తితో పాడే పాట, దాని లెక్క వేరు. సింగపూర్‌లో కారు కావాలన్నా వేలం తప్పదని తెలిసినప్పుడు మాత్రం నాకు గుండె గుభేలుమంది.

ఇక్కడ కారు ఒక్కటే కొంటే చాలదు. దాన్ని పదేళ్ళు రోడ్డు మీద తిప్పే హక్కును కూడా కొనుక్కోవాలి. అదే సీఓఈ. 1990లో వచ్చిన ఈ పద్ధతిలో, 2002 నుంచి ధర కళ్ళెదుటే పెరిగేలా వేలం జరుగుతోంది. మామూలుగా నెలకు రెండుసార్లు, సోమవారం మధ్యాహ్నం 12కి మొదలై బుధవారం సాయంత్రం 4కి ముగుస్తుంది. చాలామందికి డీలరే పాడి పెడతాడు. మేం సొంతంగా పాడదామనుకున్నాం.

కారుకైతే 10,000 డాలర్ల డిపాజిట్ కట్టి, మనం ఇవ్వగలిగిన గరిష్ఠ ధర నమోదు చేయాలి. తర్వాత దాన్ని పెంచుకోవచ్చు. తగ్గించడానికి గానీ, పాట వెనక్కి తీసుకోవడానికి గానీ వీల్లేదు.

నా మొదటి అనుమానం, వేలు జారి ఒక సున్నా ఎక్కువ పడితే? ఈబేలో ఇలాంటి పొరపాటుకు పాట రద్దు చేసుకుని, వెంటనే సరైన అంకెతో మళ్ళీ పాడవచ్చు. మనసు మారిందంటే మాత్రం అక్కడా ఒప్పుకోరు. సీఓఈలో ఆ వెసులుబాటు కూడా లేదు. అయితే గెలిచినవాళ్ళంతా కట్టేది ఒకే ధర. ఓడినవాళ్ళలో అందరికంటే ఎక్కువ పాడినవారి అంకెకు ఒక్క డాలర్ ఎక్కువ, అంతే. 2008 నవంబర్‌లో చిన్న కార్ల సీఓఈ 2 డాలర్లకే వచ్చింది. వేలకు వేలు పాడినవాళ్ళు కూడా ఆ రెండు డాలర్లే కట్టారు. అదే 2023 అక్టోబర్‌లో 1,06,000 డాలర్లకు చేరింది. అంటే సున్నా ఎక్కువ పడితే అంత డబ్బూ పోదు గానీ, మన బండికి బ్రేకు పోయినట్టే. ధర ఎంతకు పోతే అంతకూ కొనాల్సిందే.

ఇలాంటి వేలాల గుట్టును 1961లోనే విప్పి చెప్పినాయన విలియం విక్రీ. 1996లో ఆయనకు నోబెల్ ప్రకటించారు. మనం కట్టే ధరను నిర్ణయించేది ఇతరుల పాట కాబట్టి, ఆ వస్తువు మనకు నిజంగా ఎంత విలువో అంతే రాసి ఊరుకోవడం మేలు. తగ్గించి రాస్తే దక్కాల్సింది పోతుంది. పెంచి రాస్తే భరించలేని ధరకు దక్కుతుంది.

ఇది చదివినంత తేలిక కాదని బుధవారం మూడున్నరకు తెలిసింది. ధర మా అంకెను దాటేసింది. మా వారు ఫోన్ చేసి, "ఇంకో రెండు వేలేగా, పెంచేద్దాం" అన్నారు. పది నిమిషాలకు మళ్ళీ చేసి, "పోనీ నాలుగు" అన్నారు.

ఆదివారం ఇద్దరం కూర్చుని ఇంటద్దె, బాబు స్కూలు, ఊరికి పంపే డబ్బు అన్నీ తీసేసి రాసుకున్న కాగితం ఫ్రిజ్ మీదే ఉంది. "ఆదివారం నుంచి మీ జీతం ఏమైనా పెరిగిందాండీ?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వేశారు.

మాకు రాలేదు. డిపాజిట్ తిరిగి వచ్చింది. బాబు ముఖం చిన్నబుచ్చుకుంటే నాకూ మనసు చివుక్కుమంది. రెండు వారాల తర్వాత మళ్ళీ పాడతాం, అదే అంకెకు.

మీరూ పాడేటట్టయితే అంకెను ముందే కాగితం మీద రాసుకోండి. నమోదు చేసేముందు సున్నాలు ఇద్దరూ లెక్కపెట్టండి. చివరి అరగంటలో పెంచాలనిపిస్తే ఆ కాగితాన్ని ఒకసారి చూడండి.