ఓట్లు వడ్డయ్, సీట్లేవి?

మూడో పార్టీకేస్తే ఓటు మోరీల వడ్డట్టే అంటరు మనూళ్ల పెద్దమనుషులు. ఉత్తగనే అంటలేరు. 2009ల ఉమ్మడి రాష్ట్రం లెక్క సూడుండ్రి. ప్రజారాజ్యానికి నూటికి 16 ఓట్లు వడ్డయ్, సీట్లు మాత్రం 294ల 18. కాంగ్రెస్‌కు నూటికి 37 గుడ రాలె, 156 సీట్లతోని సర్కార్ నడిపింది. ఓట్ల లెక్కనే పంచితే ప్రజారాజ్యానికి 47 దాకా రావాలె.

కని గదే ఎలక్షన్ల మజ్లిస్‌కు నూటికి ఒక్క ఓటు గుడ నిండలె, సీట్లు 7 గెలిచింది. దాని ఓట్లన్ని పాతబస్తీ దిక్కే కుప్పవడ్డయ్ మరి. అంటే గీ పద్ధతి చిన్న పార్టీలను ముంచుతలేదు, ఊరూరికి ఇన్ని ఓట్లు చెదిరిన పార్టీలను ముంచుతున్నది.

న్యూజిలాండ్‌ల గిదే బాధ ఉండె. 1981ల సోషల్ క్రెడిట్ పార్టీకి నూటికి 20 ఓట్లు దాటినయ్, సీట్లు రెండే. 1993ల రెఫరెండంల జనమే పద్ధతి మార్చిన్రు. 1996 ఎలక్షన్ల సంది మనిషికి రెండోట్లు: ఒకటి లోకల్ క్యాండిడేట్‌కు, ఒకటి పార్టీకి. పార్టీ ఓట్లు 5 శాతం దాటితే ఆ లెక్కన సీట్లొస్తయ్.

మనకు గుడ పెట్టొచ్చు. కని పార్టీ ఓటుతోని గెలిచేటోళ్ల లిస్టు రాసేది పార్టీయే. టికెట్ల కాడ ఏమైతదో మీకు ఎరుకనే. లిస్టుల పేర్లు కార్యకర్తలు ఎంచుకుంటరా, అధ్యక్షుడే రాస్తడా? అది తేలినంకనే నేను సరే అంట.