పడవకు చిల్లు.. పకడ్బందీగా!

కంకిపాడులో ఏ డాబా ఎక్కినా ఓ నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది. అడుగున పైపు బిగించిన చోట చుట్టూ ఎంసీల్ ముద్ద. అది సరిగా పట్టకపోతే గోడ చెమ్మగిలుతుంది. ప్లంబరుకు మళ్లీ కబురెళుతుంది. అంతే!

అదే లీకు నడిసముద్రంలో ఉన్న పడవకైతే? ట్యాంకులోంచి నీళ్లు బయటికి కారతాయి. పడవలోకి సముద్రమే వచ్చేస్తుంది!

చిల్లుపడవ ఎక్కమంటే ఎవరికైనా భయమే. కానీ సముద్రాలు దాటే తెరచాప పడవలకు కావాలనే చిల్లులు పెడతారు. ఇంజిను చల్లబడాలంటే నీళ్లు లోపలికి రావాలి. సింకులో వాడిన నీళ్లు బయటికి పోవాలి. అందుకోసం పడవ పొట్టకు బిగించే గొట్టాలనే 'త్రూ-హల్ ఫిటింగ్స్' అంటారు. నీటిమట్టానికి రెండడుగుల కింద ఉన్న ఒకటిన్నర అంగుళాల గొట్టం ఊడిపోయిందనుకోండి.. నిమిషానికి సుమారు 140 లీటర్ల నీరు లోపలికి దూకుతుంది. అంటే మన డాబా మీది వెయ్యి లీటర్ల ట్యాంకు ఏడు నిమిషాల్లో నిండిపోతుందన్నమాట!

అసలు శత్రువు మాత్రం ఇంత గోల చేయదు. ఈ పడవల్లో కొన్నింటి పొట్ట పొరలు పొరలుగా ఉంటుంది. బయటా లోపలా ఫైబర్‌గ్లాస్, మధ్యలో తేలికైన చెక్క. చిల్లు పెట్టగానే అంచున ఆ చెక్క బయటపడుతుంది. అక్కడ చెమ్మ చేరిందంటే లోలోపలే కుళ్లిపోతుంది. పైకి పడవ నిగనిగలాడుతూనే ఉంటుంది!

ఇక్కడే ఎపాక్సీ అక్కరకొస్తుంది. ముందు బయటి పొరను అలాగే ఉంచి, లోపలివైపు నుంచి కాస్త ఎక్కువ వెడల్పున చెక్కను తొలిచేస్తారు. ఆ గుంతను చిక్కటి ఎపాక్సీతో నింపుతారు. అది గట్టిపడ్డాక సరిగ్గా నడుమ అసలు చిల్లు పెడతారు. ఇప్పుడు గొట్టం చుట్టూ ఉన్నది ఎపాక్సీ మాత్రమే. చెక్క జోలికి నీరు వెళ్లే దారే ఉండదు.

ఎపాక్సీ అంటే రెండు ద్రవాల కలయిక. ఒకటి రెజిన్, రెండోది హార్డెనర్. త్వరగా బిగుసుకోవాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే అసలుకే మోసం. కలవాల్సిన పాళ్లలో కలవక మెత్తగా మిగిలిపోతుంది. లోతైన గుంతను ఒక్కసారే నింపేసినా కష్టమే. ద్రవం తనలో తానే వేడెక్కి, పొగలు కక్కి, బీటలు వారుతుంది. అందుకే కొంచెం కొంచెంగా పోస్తారు.

మరి గొట్టాన్నీ ఎపాక్సీతోనే అతికించేస్తే పోలా? ఎక్కువమంది వద్దనే అంటారు. ఎపాక్సీ రాయిలా బిగుస్తుంది. అలల తాకిడికి పడవ కాస్త వంగుతూ ఉంటుంది, గొట్టాన్ని ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సీ వస్తుంది. కాబట్టి అక్కడ సాగే గుణమున్న సీలెంటే మేలు. గొట్టం మామూలు ఇత్తడిది కాకూడదు. ఉప్పునీటికి అందులోని జింకు కరిగిపోయి పెళుసుబారుతుంది. కంచుదైతే తట్టుకుంటుంది. దాని లోపలి కొసకు 'సీకాక్' అనే వాల్వు ఉంటుంది. పక్కనే మేకులా కోసుగా చెక్కిన బిరడా ఒకటి తాడుతో వేలాడుతుంటుంది. అన్నీ విఫలమైతే ఆఖరి ఆసరా అదే!

ఇంత జాగ్రత్త ఎందుకో తెలియాలంటే 'తారిణి'ని గుర్తు చేసుకోవాలి. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు గోవా నుంచి ఆ తెరచాప పడవలో బయల్దేరారు. వాళ్లలో విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాదీ బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. 56 అడుగుల ఆ పడవను కట్టింది గోవాలోనే. దాని పొట్ట కూడా చెక్క మీద ఫైబర్‌గ్లాస్ పరిచిందే. 21,600 నాటికల్ మైళ్లు చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. రోజుల తరబడి నేల కనిపించని ఆ నీళ్లలో ప్లంబరుకు కబురు పంపడం కుదరదు కదా!

అన్నట్టు, ఈసారి మీ ట్యాంకు దగ్గర ఎంసీల్ పెట్టేటప్పుడు ప్లంబరును తొందరపెట్టకండి. తడి పూర్తిగా తుడవనివ్వండి. రెండు ముద్దలూ ఒకే రంగులోకి వచ్చేదాకా పిసకనివ్వండి. బిగుసుకునేదాకా నీళ్లు వదలకండి. సముద్రంలోనైనా కంకిపాడులోనైనా సూత్రం అదే!