మందు చేసిన ఈస్ట్‌... ఓడించిన మొక్క!

బ్రెడ్డు పిండిని పొంగించే ఈస్ట్‌ ఉంది కదా, దానిచేత మలేరియా మందు చేయించాలనుకున్నాడు అమెరికాలోని బర్కిలీ శాస్త్రవేత్త జే కీస్లింగ్‌.

ఆ మందు ఆర్టెమిసినిన్‌. 1970ల్లో చైనా శాస్త్రవేత్త తూ యూయూ బృందం ఓ మొక్క నుంచి దాన్ని రాబట్టింది. మన పూలదండల్లో కట్టే దవనానికి ఆ మొక్క దగ్గరి చుట్టమే! చిక్కంతా సాగుతోనే. విత్తనం వేశాక మందు చేతికొచ్చేసరికి ఏడాది దాటుతుంది. ఈలోగా ధర ఒక ఏడు ఆకాశంలో, మరో ఏడు పాతాళంలో. మిర్చి రైతుకైతే విడమరిచి చెప్పక్కర్లేదు.

కీస్లింగ్‌ బృందం ఆ మొక్క జన్యువుల్ని ఈస్ట్‌లో చేర్చింది. చక్కెర తిని ఆల్కహాలు ఇవ్వాల్సిన ఈస్ట్‌, ఆర్టెమిసినిక్‌ ఆమ్లాన్ని ఇవ్వసాగింది. 2006లో లీటరుకు 100 మిల్లీగ్రాములు, 2013 కల్లా ఏకంగా 25 గ్రాములు. ఆపైన రసాయన చర్యలతో దాన్ని మందుగా మార్చడమే. సనోఫీ కంపెనీ ఇటలీలోని ఫ్యాక్టరీలో ఆ పని మొదలెట్టింది, లాభం వేసుకోబోమని కూడా చెప్పింది.

సరిగ్గా అప్పుడే రైతులు విరగపండించారు. మొక్క నుంచి తీసిన సరుకు కిలో 250 డాలర్లలోపే దొరుకుతుంటే, 350 డాలర్ల పైచిలుకు పలికే ఈస్ట్‌ సరుకుని ఎవరు కొంటారు? 2015లో సనోఫీ ఒక్క గ్రామూ తయారు చేయలేదు. తర్వాత ఫ్యాక్టరీనే అమ్మేసింది. ఆ మొక్కనే నమ్ముకున్న చిన్న రైతులు మాత్రం ఊపిరి పీల్చుకుని ఉంటారు!

2023లోనూ మలేరియా దాదాపు 6 లక్షలమందిని పొట్టనపెట్టుకుంది. వారిలో ఎక్కువమంది ఆఫ్రికాలోని అయిదేళ్లలోపు పసివాళ్లే. వాళ్ల మాత్రల్లోకి వెళ్లే మందు ఇప్పటికీ ప్రధానంగా పొలాల్లోంచే వస్తోంది.