కనుగొన్నదే చేజారుతుంటే

విజ్ఞానశాస్త్రం కథ ముగింపుకొచ్చిందా? అమెరికా పాత్రికేయుడు జాన్ హోర్గన్ 1996లో అవుననే వాదిస్తూ ఏకంగా పుస్తకమే రాశాడు. విశ్వరహస్యాల సంగతి శాస్త్రవేత్తలు తేల్చుకుంటారు. అదే ప్రశ్న మందుల ఫ్యాక్టరీలకు నెలవైన పటాన్‌చెరులో వేస్తే మాత్రం జవాబు వేరే దిక్కు నుంచి వస్తుంది.

యాంటీబయాటిక్ మందుల కథే చూడండి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా మందుల సంస్థ లెడర్లీలో పరిశోధనలను నడిపిస్తున్న రోజుల్లో, అక్కడి శాస్త్రవేత్త డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ రాబట్టాడు. 1948లో లోకానికి తెలిసిన ఆ మందే టెట్రాసైక్లిన్ కుటుంబపు యాంటీబయాటిక్‌లలో మొదటిది. అప్పట్లో మట్టిని జల్లెడ పడితే మందులు దొరికేవి. నేడు వాడుతున్న యాంటీబయాటిక్ కుటుంబాలు దాదాపు అన్నీ 1987 నాటికే కనుగొన్నవి.

అలాగని మట్టి గొడ్డుపోలేదు. ప్రయోగశాలలో పెరగని బ్యాక్టీరియాను మట్టిలోనే పెంచి, టీక్సోబాక్టిన్ అనే కొత్త పదార్థాన్ని కనుగొన్నట్టు 2015లో ప్రకటించారు. అడుగంటింది డబ్బు. వారం పదిరోజుల్లో కోర్సు ముగిసే మందుకు గిరాకీ తక్కువ. ప్లాజోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు 2018లో అనుమతి సాధించిన అకియోజెన్ కంపెనీ మరుసటి ఏడాదే దివాలా తీసింది.

కొత్తవి రాకపోవడం ఒక ఎత్తు, ఉన్నవి పనికిరాకుండా పోవడం మరో ఎత్తు. సుమారు 90 మందుల ఫ్యాక్టరీల నీరు చేరే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రాన్ని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించింది. 2007లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, శుద్ధి చేశాక వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. రోజుకు సుమారు 45 కిలోలు! స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో మింగే మందు అది. ఆ నీరు కలిసే ఇసుకవాగు బురదలో, బ్యాక్టీరియాను మందులకు లొంగకుండా చేసే జన్యువులు భారీగా ఉన్నాయని 2011లో మరో అధ్యయనం తేల్చింది. ఆ నీళ్లు నక్కవాగు మీదుగా మంజీరకు చేరేవి.

గురుత్వాకర్షణను ఎంత వాడినా అరగదు. యాంటీబయాటిక్ అరుగుతుంది. ఇక్కడ విజ్ఞానానికి హద్దు గీస్తున్నది ప్రకృతి కాదు, ఫ్యాక్టరీ తూము.

మందుల పరిశ్రమ వదిలే నీటిలో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడతామని కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టు నాటి తుది నోటిఫికేషన్‌లో అవి మాయమయ్యాయి. జీరో లిక్విడ్ డిశ్చార్జ్ యూనిట్లు పెట్టుకున్నామని, చుక్క కూడా బయటికి పోవడం లేదని కంపెనీలు అంటున్నాయి. అదే నిజమైతే పరిమితులతో వాటికొచ్చే నష్టమేమీ లేదు. కేంద్రం ఆ పరిమితులను వెంటనే తిరిగి తేవాలి.